రాయవేలూరు వైద్యురాలు ఐడా స్కడ్డర్

చిత్తూరు, కడప, అనంతపురం ప్రాంతాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన కుటుంబాలలో రాయవేలూరు పేరు వినని ఇల్లు ఉండదు. ఊళ్ళో జబ్బు ముదిరి వైద్యులు చేతులెత్తివేసినప్పుడు, ఇక వేలూరు తీసుకొనిపొండని పెద్దలు చెప్పడం మనం చిన్ననాటి నుండి వింటున్నదే. ఆ ఆసుపత్రిని నిలబెట్టిన దొరసాని చరిత్ర మాత్రం మన పిల్లలకు అంతగా తెలియదు. మన ఇళ్ళలోని ఆడపిల్లలు, ఈ మధ్య మగపిల్లలు కూడా, నర్సింగు చదువులో చేరుతున్నారు గనుక, ఈ ఉగాది సంచికలో ఆమె జీవితాన్ని చెప్పదలచినాము. రోగిని చూచి, అడిగి, తాకి తెలిసికొనే విద్యకు ఆ జీవితంతో ఉన్న సంబంధం మీద కొంచెం ఎక్కువసేపు నిలుస్తాము.

ఐడా సోఫియా స్కడ్డర్ 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో పుట్టినారు. ఆనాడది ఉత్తర ఆర్కాడు జిల్లా. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయిన తరువాతనే వేలూరుకు ఆ హోదా వచ్చినది. కాబట్టి ఆమె పుట్టిన సీమ సగం మనదే అని చెప్పుకొనడానికి మాకు సంకోచం లేదు. తాతగారు జాన్ స్కడ్డర్ 1819లో అమెరికా నుండి సింహళానికి వచ్చి, తరువాత మద్రాసు చేరిన మిషనరీ వైద్యుడు. తండ్రి పేరు కూడా జాన్, ఆయనా వైద్యుడే. తల్లి సోఫియా. అన్నల నడుమ ఐడా ఒక్కతే ఆడపిల్ల.

ఆమెకు ఆరేండ్లు వచ్చేసరికి ధాత కరువు వచ్చినది. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశాన్ని పీడించిన ఆ కరువులో, ఇంటి ముందు గుమిగూడిన బక్కచిక్కిన పిల్లలకు ఆ పసిపిల్ల తన చేతితో రొట్టెముక్కలు పెట్టిందట. 1878లో కుటుంబం అమెరికా వెళ్ళినది. కొంతకాలానికి తండ్రి, ఆ తరువాత తల్లి, ఈ దేశానికి తిరిగి రాగా ఆమె అక్కడ బంధువుల ఇంట పెరిగి, మసాచుసెట్సులోని నార్త్‌ఫీల్డు బడిలో చదువుకొన్నారు. ఇండియాకు తిరిగి వచ్చి మిషనరీ కావడమనే ఊహే ఆమెకు గిట్టేది కాదు. కరువు దృశ్యాలు, ఎండలు, తల్లిదండ్రుల ఎడబాటు కలిసి ఈ దేశం మీద ఆమెకు ఒక విధమైన విముఖత కలిగించినవి. మహనీయుల చరిత్రలలో ఇటువంటి సంగతిని దాటవేయడం పరిపాటి. మాకు మాత్రం ఇదే ముఖ్యమనిపిస్తుంది.

1890లో తల్లికి జబ్బు చేసినదని తెలిసి, చూచి పోదామనే ఉద్దేశంతో తిండివనం వచ్చినారు. అక్కడ ఉండగా జరిగిన ఒక రాత్రి సంగతి ఆమె జీవితాన్నే మార్చివేసినది. దీపం దగ్గర కూర్చొని ఉండగా ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి, తన భార్య పురిటి నొప్పులతో చావుబ్రతుకుల మీద ఉన్నదని, వచ్చి కాపాడమని వేడుకొన్నాడు. తనకు వైద్యం తెలియదని, తన తండ్రి డాక్టరని, ఆయనను తోడ్కొని వస్తానని ఐడా చెప్పినారు. పరాయి మగవాడు తన భార్య ముఖం చూడడం కంటె ఆమె పోవడమే మేలని చెప్పి అతడు వెళ్ళిపోయినాడు. కొంతసేపటికి ఒక మహమ్మదీయుడు అదే పనిమీద వచ్చినాడు, అదే మాట చెప్పి మరలినాడు. మూడవసారి మళ్ళీ ఒక హిందువు. తెల్లవారేసరికి వీధిలో శవయాత్ర డప్పులు వినిపించినవి. పనివానిని పంపి విచారిస్తే ముగ్గురు స్త్రీలూ పోయినారని తెలిసినది. ఆమె తలుపు వేసుకొని చాలాసేపు ఒంటరిగా ఉండి, బయటికి వచ్చి, అమెరికా పోయి వైద్యం చదివి వస్తానని తల్లిదండ్రులకు చెప్పినారు.

ఈ కథ చెప్పేవారు సాధారణంగా ఘోషాను, ఆచారాలను నిందించి ఊరుకొంటారు. మేము మరొక వైపు చూడమంటాము. పురుడు ఆడదానికి పునర్జన్మ అని మనవాళ్ళు ఊరకే అనలేదు. ఆ కాలంలో పురిట్లో పోవడానికి కారణాలు కొన్నే: బిడ్డ అడ్డం తిరగడం, మాయ పడకపోవడం, ఆగని రక్తస్రావం, గుర్రపువాతం, బాలింత జ్వరం. వీటిలో చాలావరకు ముందుగానో ఆరంభంలోనో జాడ చూపేవే. కడుపు మీద చేయి వేసి బిడ్డ తల ఎక్కడ ఉన్నదో తెలిసికొనవచ్చు. కాళ్ళూ ముఖమూ ఉబ్బి, తలనొప్పి వచ్చి, కళ్ళు మసకలు కమ్ముతున్నాయంటే వాతం పొంచి ఉన్నదని గ్రహించవచ్చు. కాని చూచేవారేరీ? మగ డాక్టరును రానివ్వరు. మంత్రసాని వద్ద అనుభవం ఉన్నా, ఆమెకు ఈ శాస్త్రం చెప్పినవారు లేరు. మందు లేకపోవడం రెండవ మాట. రోగిని తెలిసిన కళ్ళతో చూచే మనిషి లేకపోవడం మొదటిది. ఐడా తరువాత చేసిన పనులన్నిటినీ ఈ లోటు పూడ్చడంగా చూస్తేనే ఆమె జీవితం మాకు అర్థమైనది.

1895లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చేరినారు. 1898లో న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకొనడం మొదలుపెట్టగానే అక్కడికి మారి, 1899లో పట్టం పుచ్చుకొన్నారు. తిరిగి బయలుదేరే ముందు వేలూరులో ఆసుపత్రి కట్టడానికి విరాళాల కోసం తిరిగినారు. షెల్ అనే ధనికుడు తన భార్య జ్ఞాపకార్థం పదివేల డాలర్లు ఇచ్చినాడు.

1900 ఆరంభంలో వేలూరు చేరినారు. తండ్రి దగ్గర కొంతకాలం పని నేర్చుకొందామని ఆమె ఆశ. ఆ సంవత్సరమే తండ్రి కన్నుమూసినాడు. ఇంట్లోనే ఒక మంచం వేసి వైద్యం మొదలుపెట్టినారు. మొదట జనం రాలేదు. వచ్చినవారు కూడా ఇక ఆశ లేదనుకొన్న తరువాతనే వచ్చేవారు. మెల్లమెల్లగా నమ్మకం కుదిరి, రెండేండ్లలో అయిదువేల మందికి వైద్యం చేసినారు. 1902లో 40 మంచాల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచినారు.

ఆమె చేసిన మొదటి పెద్ద ఆపరేషనుకు పక్కన నిలిచి సాయపడినది ఎవరనుకొన్నారు? ఇంటి బట్లరు భార్య. ఇంతకంటె చెప్పేదేమున్నది? కత్తి పట్టిన డాక్టరు కళ్ళు ఒకచోట ఉంటవి. రోగి పెదవుల రంగు, ఊపిరి, నాడి చూచేవారు వేరే ఉండాలి. ఆపరేషను అయిన తరువాత రాత్రంతా మంచం పక్కన ఉండేది కూడా డాక్టరు కాదు. రాత్రి రెండు గంటలకు నాడి వేగం పెరిగి, చర్మం చల్లబడి చెమట పడుతుంటే లోపల రక్తం పోతున్నదేమోనని అనుమానించవలసినది ఆ పక్కన ఉన్న మనిషే. ఆ మనిషికి ఆ సంగతి తెలియకపోతే డాక్టరు ఎంతటివాడైనా తెల్లవారి వచ్చి చేసేదేమీ ఉండదు.

1909లో వేలూరులో నర్సుల శిక్షణ పాఠశాల ఆరంభమైనది. దానిని నడపడానికి అమెరికా నుండి డీలియా హౌటన్ అనే నర్సు వచ్చి ఎన్నో ఏండ్లు పనిచేసినారు. ఆ రోజులలో పిల్లలను చేర్చడం సులభం కాదు. పరాయివారి ఒంటిని తాకడం, పుండ్లు కడగడం, మలమూత్రాలు ఎత్తడం కులం తక్కువ పని అని లోకం అభిప్రాయం. మొదటి విద్యార్థినులలో ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాల పిల్లలే. నిజం చెప్పాలంటే ఈ అభిప్రాయం మన ఇళ్ళలో ఇంకా పూర్తిగా పోలేదు. పిల్ల డాక్టరు చదువుతున్నదంటే పదిమందికి చెప్పుకొంటాము. నర్సింగు అంటే గొంతు కాస్త తగ్గిస్తాము. పెళ్ళి సంబంధాల దగ్గర ఇంకా తగ్గుతుంది. దీనికి జవాబు గుడియాత్తం రోడ్డు మీద దొరుకుతుందని మా ఉద్దేశం.

గుడియాత్తం వేలూరుకు పడమరగా సుమారు 35 కిలోమీటర్లు. చేనేత లుంగీలకు, అగ్గిపెట్టెలకు పేరుపడిన ఊరు. మన చిత్తూరు కొండల నుండి దిగివచ్చే కౌండిన్య నది ఒడ్డున ఉన్నది. అరవం ఎంత వినిపిస్తుందో తెలుగూ ఇంచుమించు అంతే వినిపిస్తుంది, దక్కనీ ఉర్దూ సరేసరి. 1954లో కామరాజు నాడారుగారు ముఖ్యమంత్రి అయిన వెంటనే శాసనసభకు ఎన్నికైనది ఈ ఊరి నుండే. అక్కడ వారానికొకసారి వైద్యం చూడడానికి ఐడా వెళ్ళేవారు. మొదట రైలు, ఎడ్లబండి. 1909 ప్రాంతంలో ప్యూజో మోటారుకారు వచ్చినది. ఎడ్లు లేకుండా పరుగెత్తే ఆ బండిని చూచి పల్లెజనం భూతమనుకొని పారిపోయినారట. ఆ భయం ఎక్కువకాలం నిలువలేదు. పాలారు దాటి, కాట్పాడి, లత్తేరి, కె.వి. కుప్పం మీదుగా పోయే ఆ దారి పొడుగునా, కారు వచ్చే రోజు తెలిసికొని, రోగులను ఎత్తుకొని వచ్చి చెట్ల కింద కాచుకొని కూర్చునేవారు. కారు ఆగేది. అక్కడికక్కడే మందుల పెట్టె దింపి చూచేవారు. రోడ్డు పక్క ఆసుపత్రి అనే ఏర్పాటు ఆ విధంగా పుట్టినది. దానిని ఎవరో కాగితం మీద గీసి పెట్టలేదు. రోగులే కాచుకొని పుట్టించినారు.

చెట్టు కింద వైద్యం ఎటువంటిదో ఒకసారి ఊహించండి. ఎక్స్‌రే లేదు, రక్తపరీక్ష లేదు, గది లేదు, తెర లేదు. ముందు గుడియాత్తంలో మరికొందరు కాచుకొని ఉన్నారు. అటువంటి చోట ఎవరిని ముందు చూడాలి, ఎవరు ఆగగలరు, ఎవరిని కారులో ఎక్కించి వేలూరు కొనిపోవాలి అనేది మొదట తేలాలి. దానిని తేల్చేది కళ్ళు, చెవులు, చేతులు, ఒక గడియారం. నేటికీ నర్సింగు విద్యార్థికి మొట్టమొదట చెప్పే పాఠం ఇదే గనుక కొంచెం వివరిస్తాము.

రోగి నడిచి వచ్చినాడా, మోసుకొని వచ్చినారా, కూర్చుంటేనే ఊపిరి ఆడుతున్నదా, ముఖం ఎలా ఉన్నది: ఇదంతా తాకక ముందే చూడవలసినది. కింది రెప్ప లాగి చూస్తే రక్తం ఎంత తక్కువో కొంత తెలుస్తుంది. మోకాలి కింద ఎముక మీద బొటనవ్రేలితో నొక్కి తీస్తే సొట్ట నిలిచినదంటే ఒంట్లో నీరు చేరినదన్నమాట. విరేచనాలతో వడలిన పసిబిడ్డకు మాడు లోపలికి దిగుతుంది, కళ్ళు గుంటలు పడతవి, పొట్ట మీది చర్మం చిటికెతో పట్టి వదిలితే మెల్లగా సర్దుకొంటుంది. పెద్దవారి నాడి నిమిషానికి 60 నుండి 100, ఊపిరి 12 నుండి 20. ఊపిరి లెక్కించేటప్పుడు ఆ సంగతి రోగికి చెప్పరాదు, చెబితే అది మారిపోతుంది. అందుకే అనుభవం గల నర్సు నాడి చూస్తున్నట్లు చేయి పట్టుకొనే రొమ్ము కదలికను లెక్కపెడుతుంది. రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఏడాది దాటి అయిదేండ్లలోపు బిడ్డ 40 సార్లు, లేక అంతకు మించి ఊపిరి తీస్తుంటే న్యుమోనియా అనుమానించాలని నేటి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది. దీనికి గడియారం చాలు. గర్భిణీకి అయిదు నెలలు దాటిన తరువాత రక్తపు పోటు 140కి 90 అయినదంటే, పైకి హాయిగా ఉన్నా సరే, ఇంటికి పంపరాదు. తిండివనంలో ఆ రాత్రి తెలిసిన మనిషి ఉండి ఉంటే చేయవలసిన పని ఇటువంటిదే.

అడగడం మరొక విద్య. మనవాళ్ళు వేడి చేసినదంటారు. నోట్లో పూత అయినా, మూత్రంలో మంట అయినా, కళ్ళు ఎర్రబడినా వేడే. కళ్ళు తిరుగుతున్నవంటే ఒకరికి ఆకలి, ఒకరికి రక్తహీనత, ఒకరికి గుండె. ఈ మాటలను ఇంగ్లీషులోకి యథాతథంగా మార్చి కాగితం మీద పెడితే అక్కడి డాక్టరుకు బోధపడదు. ఎప్పటి నుండి, ఎక్కడ, దేనితో ఎక్కువవుతుంది, దేనితో తగ్గుతుంది అని ఓపికతో విప్పుకోవాలి. పక్కన అత్తగారో భర్తో ఉంటే కోడలు చెప్పే మాట వేరు, వారు లేనప్పుడు చెప్పే మాట వేరు. ఈ సంగతి గ్రహించడంలో మన భాష తెలిసిన మన పిల్లలకు ఒక సౌలభ్యం ఉన్నది. పరదేశపు ఆసుపత్రులలో మన వృద్ధులను చూచే వేళ అది చాలా అక్కరకు వస్తుంది.

మనవారు మంచి వైద్యుణ్ణి మెచ్చుకొనేటప్పుడు హస్తవాసి మంచిదంటారు. అది పుట్టుకతో వచ్చే అదృష్టమని మన నమ్మకం. వేలూరులో జరిగినదేమంటే ఆ హస్తవాసిని పాఠంగా మార్చి, సామాన్యపు ఇండ్ల పిల్లలకు నేర్పడం. ఈ రోజులలో మంచం పక్కన యంత్రాలు అంకెలు చూపిస్తున్నవి, మంచిదే. కాని వ్రేలు చల్లబడినా, గోళ్ళకు రంగు ఉన్నా ప్రాణవాయువు చూపే యంత్రం తప్పు అంకె చూపవచ్చు. అప్పుడు రోగి ముఖం చూచి యంత్రాన్ని అనుమానించగల మనిషి కావాలి.

మళ్ళీ కథకు వస్తాము. నర్సులతోనే పని తీరదని, ఈ దేశపు స్త్రీలే డాక్టర్లు కావాలని ఐడా తలపెట్టినారు. ఆడపిల్లలు ఆరుగురు దరఖాస్తు పెట్టినా గొప్పేనని పై అధికారులు తేలికగా మాట్లాడినారట. 1918 ఆగస్టులో గవర్నరు పెంట్లండు ప్రభువు చేతుల మీదుగా స్త్రీల వైద్య పాఠశాల వేలూరులో తెరిచినారు. కొద్దిపాటి పుస్తకాలు, కొన్ని ఎముకలు, ఒక సూక్ష్మదర్శినితో చదువు సాగినది. 1922లో పరీక్షకు కూర్చున్న 14 మందీ ఉత్తీర్ణులై, మగపిల్లల పాఠశాలల కంటె మంచి పేరు తెచ్చినారు.

1930ల చివరికి పెద్ద చిక్కు వచ్చినది. ఆ పాఠశాల ఇచ్చే డిప్లొమా చాలదని, విశ్వవిద్యాలయపు ఎం.బి.బి.ఎస్. పట్టం ఉండాలని ప్రభుత్వం నియమం పెట్టినది. దానికి కావలసిన భవనాలు, ఆచార్యులు, మంచాలు లేకపోతే పాఠశాల మూతపడవలసినదే. 1941లో, 70 ఏండ్లు దాటిన వయస్సులో, యుద్ధకాలంలో, ఆమె అమెరికా పోయి నాలుగేండ్లు ఊరూరా తిరిగి ధనం పోగుచేసినారు. 1942లో మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపు వచ్చినది. మగపిల్లలను కూడా చేర్చితే గాని మిషను సంఘాలన్నీ కలిసిరావని తేలినప్పుడు ఆమె ఒప్పుకొన్నారు. స్త్రీల కోసమే ఇచ్చిన ధనమిదని లూసీ పీబడీ వంటి చిరకాల స్నేహితులు ఆమెకు ఎదురు తిరిగినారు. ఎవరి మాట న్యాయమో చెప్పడం ఈనాటికీ కష్టమే. 1947 నుండి మగపిల్లలు చేరినారు.

1946 ఆమె పదవి విరమించిన సంవత్సరం. ఆ సంవత్సరమే దిల్లీలోను, వేలూరులోను నర్సింగులో బి.యస్‌సి. పట్టపు చదువు మొదలైనది. అంతకు ముందు ఈ దేశంలో నర్సుకు విశ్వవిద్యాలయపు పట్టం లేదు. వైద్య కళాశాలకు వచ్చిన కీర్తి అందరికీ తెలుసును. ఈ రెండవది కూడా అంతటి ఘనకార్యమని మా అభిప్రాయం.

దరిమిలా ఆ సంస్థ పగ్గాలు చేపట్టిన తొలి భారతీయ డైరెక్టరు మన తెలుగు బిడ్డ. డాక్టరు హిల్డా మేరీ లాజరస్ 1890లో విశాఖపట్టణంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, ప్రసూతి శాస్త్రంలో పేరుపొంది, స్త్రీల వైద్య సర్వీసుకు అధిపతిగా పనిచేసినారు. నర్సులకు, మంత్రసానులకు శిక్షణ ఇవ్వడం ఆమెకు ప్రీతిపాత్రమైన పని. 1954 వరకు వేలూరులో ఉండి, 1978లో విశాఖలోనే కన్నుమూసినారు.

ఐడా కొడైకెనాల్ కొండమీద తన ఇంట విశ్రాంతి తీసికొంటూ, అప్పుడప్పుడు వేలూరు వచ్చి పోతూ ఉండేవారు. ఇంతలో 1948లో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వేలూరులో కుష్ఠురోగుల ముడుచుకొనిపోయిన చేతులను ఆపరేషనుతో తిరిగి పనికి తేవడం ఆరంభించినారు. ఆ వ్రేళ్ళు జబ్బు తినివేయడం వల్ల కాక, స్పర్శ లేక దెబ్బలూ కాలడాలూ తెలియకపోవడం వల్ల పోతున్నవని ఆయన పట్టి పట్టి చూచి చెప్పినారు. రోగి కళ్ళు మూసుకొమ్మని, మచ్చ మీద దూదిపోగుతో తాకి, తాకినచోట వ్రేలు పెట్టమని అడిగే పరీక్షను ఏ నర్సయినా చేయగలదు. 1960 మే 24వ తేదీన, 89 ఏండ్ల వయస్సులో, ఐడా కొడైకెనాల్‌లో మరణించినారు. ఆమె పెళ్ళి చేసికొనలేదు.

ఆమె కారు ఆగుతూ పోయిన ఆ గుడియాత్తం దారిలోనే, కె.వి. కుప్పంలో, 1977లో రూషా అనే గ్రామారోగ్య విభాగాన్ని వేలూరు వారు నెలకొల్పినారు. వేలూరు నర్సింగు విద్యార్థులు నేటికీ సంచి భుజాన వేసికొని చుట్టుపక్కల పల్లెలకు పోతున్నారు. ఇల్లిల్లూ తిరిగి, అరుగు మీద కూర్చొని, గర్భిణీ పాదాల మీద నొక్కి చూచి, బిడ్డ ఊపిరి లెక్కపెట్టి, పుస్తకంలో వ్రాసికొంటున్నారు.